మొదటి అంకె పెంచిన మనిషి

హెడ్డాఫీసు
సోమవారం

కాటా ప్రోగ్రామరు గారికి,

నమస్కారమండీ. బాగుచేసిన కాటా బోర్డులు మీ బ్రాంచికి వచ్చే పెట్టెలోనే ఈ కవరు పెట్టి పంపుతున్నాను. ఆఫీసు చాట్‌లో రాస్తే పదిమందీ చూస్తారు, తలా ఒక బొమ్మ అంటిస్తారు. ఇది మీ ఒక్కరికీ చెప్పాల్సిన మాట.

వచ్చే నెల నుంచి మన లారీ కాటాల సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్ నంబరు నేను వెయ్యను. ఏం మారిందో కస్టమర్లకి చెప్పే రిలీజ్ నోట్సూ నేను రాయను. రెండూ మెషీనే చేసేస్తుంది. మీరు కోడ్ మార్చినప్పుడల్లా జతగా రాసే కమిట్ మెసేజ్ ఉంది చూడండి, దాని మొదటి మాటని బట్టి అదే నిర్ణయిస్తుంది. 'ఫిక్స్' అని మొదలుపెడితే మరమ్మతు, చివరి అంకె పెరుగుతుంది. 'ఫీచర్' అంటే కొత్త సదుపాయం, మధ్య అంకె పెరుగుతుంది. 'బ్రేకింగ్' అంటే పాత పద్ధతి ఇక పనిచెయ్యదని, కస్టమరు మళ్ళీ నేర్చుకోవాలని. అప్పుడు మొదటి అంకె పెరుగుతుంది. అది మాత్రం ఒక మనిషి చదివి సరే అంటేనే బయటికి వెళ్తుంది. నోట్స్‌లోకి ఎక్కేది మీరు రాసినదాంట్లో మొదటి లైను ఒక్కటే.

కాబట్టి ఇకమీదట ఒక్క ముక్కలో రాయండి. "ఖాళీ కాటా సున్నా చూపించట్లేదని వెళ్తే దాని మీద కుక్క పడుకుని ఉంది, లేపబుద్ధి కాలేదు, దాని బరువు తీసేసి చూపించేలా మార్చాను" అని మీరు రాస్తే, నేను చదువుకుని "ఖాళీ కాటా బరువు సవరణ" అని కస్టమర్లకి రాసేదాన్ని. మెషీన్‌కి కుక్కలు అక్కర్లేదు.

ఇట్లు,
ఇక నోట్స్ రాయని నోట్స్ మనిషి

తా.క. కుక్క లేచిందో లేదో మీరు రాయలేదు. ఆ రోజంతా నాకు అదే ఆలోచన.


బ్రాంచి
గురువారం

నోట్స్ మేడమ్ గారికి,

నమస్కారం. మీ కవరు మా వదిన చేతిలో పడింది. ఆఫీసు మేడ మీదే అన్నయ్య వాళ్ళిల్లు, నేనుండేది వాళ్ళతోనే, పెట్టె వస్తే దింపించుకునేది వదినే. కవరు మీద ఆడమనిషి చేతిరాత చూసి, నాకిచ్చే ముందు మొహం కడుక్కోమంది, చొక్కా మార్చుకోమంది, కుర్చీలో కూర్చోమంది. తీరా విప్పి చూస్తే ఫిక్సూ, ఫీచరూ. వదిన నాకంటే ఎక్కువ డీలా పడిపోయింది.

నా పొడుగు మెసేజ్‌లతో వేగలేక మీరే ఈ మెషీన్‌ని అడిగి పెట్టించుకుని ఉంటారు. తప్పు పట్టను. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. ఇక్కడ నాతో పనిచేసే ప్రోగ్రామరు ఇంకొకరు లేరు. పగలంతా లారీలు కాటా ఎక్కడం, దిగడం, డ్రైవర్లు బరువు మీద తగువులాడుకోవడం. సాయంత్రం కోడ్ పంపేటప్పుడు, అవతల ఒక మనిషి కూర్చుని చదువుతుందన్న ధీమాతో నాలుగు లైన్లు ఎక్కువ రాసేవాణ్ణి. మర్నాడు మీ నోట్స్ తెరిచి, నా మాట ఎక్కడైనా ఒకటి మిగిల్చారేమోనని వెతుక్కునేవాణ్ణి. ఒకసారి "లారీ నెమ్మదిగా ఎక్కినా బరువు సరిగ్గా వస్తుంది" అని రాశారు. ఆ 'నెమ్మదిగా' నాదే. దాంతో నాకు వారం గడిచిపోయింది. ఇప్పుడు ఎవరికని రాయను?

సరే, రూల్ రూలే. మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. మనిషి చదివి సరే అనాలన్న వాక్యం మరీ శ్రద్ధగా చదివాను.

ఇట్లు,
కాటా ప్రోగ్రామరు

తా.క. కుక్క లేచింది. లేచి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఖాళీ కాటా మైనస్‌లో చూపిస్తోంది. 'ఫిక్స్' అని ఒక్క ముక్కలో రాసి పంపాను. మెషీన్ తీసుకుంది. ఏమైందని మాత్రం అడగలేదు.


ఏదో ఊరి లాడ్జి
మంగళవారం

కాటా ప్రోగ్రామరు గారికి,

నమస్కారం అని రాస్తున్నాను గానీ పెట్టే ఓపిక లేదు.

నేను నంబర్లు వేసినన్నాళ్ళూ మన వెర్షన్ నాలుగు దాటలేదు. ఇప్పుడు తొమ్మిది. ఏం ముంచుకొచ్చిందని నోట్స్ తెరిచి చూశాను. "బ్రేకింగ్: ప్రింట్ బటను కొంచెం కుడివైపు జరిగింది." "బ్రేకింగ్: ప్రింట్ బటను ఎడమవైపు వచ్చేసింది." "బ్రేకింగ్: బటను నీలం రంగు కాస్త ముదిరింది." ఏమండీ, బటను జరిగితే పాత పద్ధతి పనిచెయ్యకుండా పోతుందా? ఒక కస్టమరు కొన్నాళ్ళు అప్‌డేట్ చేసుకోలేదు. నాలుగు నుంచి ఒకేసారి తొమ్మిదికి వచ్చేసరికి, మధ్యలో నాలుగు వెర్షన్లు ఎవరికి అమ్ముకున్నారో చెప్పమని నన్ను నిలదీశాడు.

నా మీద కోపం ఉంటే ఉత్తరంలో తిట్టండి, పడతాను. నంబర్ల మీద తీర్చుకోకండి. ఆ మెషీన్‌ని నేను అడగలేదు. అది వస్తోందని నాకూ అందరితో పాటే తెలిసింది. మీ మెసేజ్‌లతో విసిగానని మీకు ఎవరు చెప్పారు?

పని మీద ఊళ్ళు తిరుగుతున్నాను. జవాబు హెడ్డాఫీసుకే రాయండి, ఎక్కడుంటే అక్కడికి పంపిస్తారు.

ఇట్లు,
ఒళ్ళు మండుతున్న నోట్స్ మనిషి

తా.క. ఈ గదిలో ఫ్యాను ఐదు మీద పెడితే ఒకటిలా తిరుగుతోంది. నంబరు వేసింది మీరేమోనని అనుమానంగా ఉంది.


బ్రాంచి
శనివారం

నోట్స్ మేడమ్ గారికి,

నమస్కారం. అన్నీ చదివి కూడా ఏమీ చదవనట్టు ఎంత బాగా కోప్పడ్డారండీ. మీ ఉత్తరం చూసి చాలాసేపు నవ్వుకున్నాను.

దాచడం ఎందుకు, ఒప్పేసుకుంటున్నాను. బ్రేకింగ్ అంటేనే మనిషి చదవాలన్నారు. ఇన్నాళ్ళూ నేను రాసింది చదివిన మనిషి మీరే. అందుకని మొదటి లైనులో బటను సంగతి పడేసి, అసలు మాట కింద రాస్తున్నాను. అది నోట్స్‌లోకి రాదు, మీ కళ్ళకి తప్ప కనపడదు. వాన పడి కాటా గోతిలో నీళ్ళు నిండిన రోజున, మీరున్న చోట కూడా పడుతోందా అని అడిగాను. మీరు 'చదివాను. సరే' అన్నారు. నా గదిలో రెండో కుర్చీ కొన్నాను, ఎందుకు కొన్నానో నాకే తెలీదని రాశాను. దానికి 'చదివాను. బాగుంది. సరే' అన్నారు. ఆ 'బాగుంది'తో రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మీ గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నానని రాస్తే, 'చదివాను. జలుబు చేసింది. సరే' అని వచ్చింది. వేడినీళ్ళు తాగమని, తలకి గుడ్డ చుట్టుకోమని వెంటనే ఇంకో బ్రేకింగ్ పెట్టాను.

మొన్న ఒకరోజు వట్టి 'సరే' అని ఊరుకున్నారు. కోపమా? ఆ రోజు ఏం తప్పు రాశానా అని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఇట్లు,
మీ సరే కోసం కాచుకుని ఉండే
కాటా ప్రోగ్రామరు

తా.క. మీ సరేలన్నీ వదినకి చూపించాను. మనిషి ముక్తసరి గానీ మనసు మంచిది అంది.


ఒక కస్టమరు కాటా గది
బుధవారం

కాటా ప్రోగ్రామరు గారికి,

కుర్చీలో కూర్చుని చదవండి, వదిన గారిని పక్కన ఉండమనండి.

ఆ సరేలు నావి కావు.

నోట్స్ పని మెషీన్‌కి పోయాక నన్ను ట్రైనింగ్‌కి మార్చేశారు. మారుస్తారని ముందే తెలుసు, మొదటి ఉత్తరంలోనే చెబుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నా పాత కుర్చీ ఖాళీగానే ఉంది. బ్రేకింగ్‌లన్నీ చదివి సరే అంటున్నది మన మేనేజరు గారు. జలుబు ఆయనకే.

అసలు ముచ్చట వినండి. మొదటి అంకె మారితే మనిషి వెళ్ళి నేర్పాలని కస్టమర్లతో మన ఒప్పందం. కాటాలన్నీ ఒక వరసలో రాసి ఉంటాయి, ఒక్కో అంకెకి ఒక్కో ఊరు. మీరు బ్రేకింగ్ అన్నప్పుడల్లా నా చేతిలో ఒక బస్సు టికెట్టు పెడుతున్నారు. ఆ కుదుపుల్లో నడుం పడిపోయింది. వెళ్ళి ఏం నేర్పను? బటను ముదురు నీలం అయిందండీ అని చెబితే, ఇక్కడి కాటా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంత చిన్నదానికి మనిషిని పంపరు, ఇంకేదో పెద్దది దాస్తున్నారు, అది చెప్పేదాకా లారీ తూచనని మొండికేశాడు. పొద్దుటి నుంచి లారీలు రోడ్డు మలుపు దాకా బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు వంతులేసుకుని వచ్చి, ఆ రహస్యం తమకైనా చెప్పమని బతిమాలుతున్నారు. నిజంగా ఏమీ లేదని వాళ్ళ ముందు ఒట్టేశాను. ఇప్పుడు తెలిసింది, అదీ అబద్ధమేనని.

నాకు దగ్గరగా ఉండాలని మీరు వేసిన ప్రతి అంకెకీ నేను ఇంకో ఊరు దూరం వెళ్ళాను. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ఇట్లు,
లారీల బారులో ఇరుక్కున్న
ట్రైనింగ్ మనిషి

తా.క. ఇంతకీ కింద ఏమేం రాశారు? మేనేజరు గారు ఈ మధ్య అందరికంటే ముందు ఇంటికెళ్ళి, భార్యని షికారుకి తీసుకెళ్తున్నారని ఆఫీసంతా ముక్కున వేలేసుకుంటోంది.


బ్రాంచి
శుక్రవారం

మేడమ్ గారికి,

తల కొట్టేసినట్టయింది. మీకు మొహం చూపించే భాగ్యం ఎలాగూ లేదు, ఇప్పుడు ఉత్తరం రాయడానికీ మొహం చెల్లట్లేదు. నా తిక్క వల్ల మీ నడుం విరిగింది, లారీలు ఆగిపోయాయి. క్షమించండి అంటే సరిపోదు.

నిన్నటి నుంచి నా మెసేజ్‌లన్నీ ఫిక్సులే. ఒక్క ముక్క, ఒక్క లైను. ఇక మీకు బస్సు ఎక్కే పని ఉండదు, హాయిగా మీ ఊళ్ళో మీ ఇంట్లో పడుకోండి.

ఆ మాటలు మేనేజరు గారు చదివారని సిగ్గుగానే ఉంది. మీరు చదవలేదన్నదే ఎక్కువ బాధగా ఉంది. అందుకని ఒక్కసారి ఇక్కడ రాసి ఊరుకుంటాను. మీరంటే నాకు ఇష్టం. మిమ్మల్ని చూడాలని ఉంది. చూడకుండానే ఇన్నేళ్ళు గడిచాయి, ఇకముందూ గడుస్తాయి కాబోలు. సాయంత్రం కోడ్ పంపేశాక మాత్రం ఏం చెయ్యాలో తోచట్లేదు.

ఇట్లు,
కాటా ప్రోగ్రామరు

తా.క. మేనేజరు గారికి జలుబు తగ్గిందా? తలకి గుడ్డ చుట్టుకోమని ఆయనకే చెప్పినట్టున్నాను.


హెడ్డాఫీసు
గురువారం

కాటా ప్రోగ్రామరు గారికి,

మొన్న మేనేజరు గారు నన్ను పిలిచి, తలుపు వేసి, ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టారు. మీ బ్రేకింగ్‌లు, కింది భాగాలతో సహా. అవి నాకు రాసినవేనని ఆయనకి మొదటిదాంతోనే తెలిసిందట. నాకు ఇవ్వకుండా ఎందుకు ఉంచుకున్నారని ఆయన్ని అడిగాను. తర్వాత ఏం రాస్తారో చూద్దామని అన్నారు. బటను సంగతి ఆయనకి పట్టనే లేదు. సరే అనకపోతే మీరు రాయడం మానేస్తారేమోనని భయపడి సరే అనేవారట. వట్టి 'సరే' అన్న రోజున ఆయనకి ఏడుపొచ్చిందట.

బస్సులో చదువుతూ నా స్టాపు దాటిపోయాను. ఎక్కడో దిగి, నడిచి ఇంటికి చేరేసరికి అక్క కంగారుపడి వీధి చివర నిలబడి ఉంది. ఏమైందే అంది. కాగితాలు దాని చేతికిచ్చాను. అది అరుగు మీద కూర్చుని చదివి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావే అంది.

మీరు ఫిక్సులు మొదలుపెట్టాక నాకు పూర్తి విశ్రాంతి. నడుం నొప్పి తగ్గింది. కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. రోజూ ఆ ఒక్క లైనూ చూస్తున్నాను, కింద ఏమీ ఉండట్లేదు. మీరు అన్నారు, సాయంత్రాలు తోచట్లేదని. నాకు పొద్దున్న కూడా తోచట్లేదండీ. ఆ రెండో కుర్చీ ఎవరికైనా ఇచ్చేశారేమోనని భయంగా ఉంది.

ఇప్పుడు పని మాట. సోమవారం నుంచి మొదటి అంకె ఎవరూ పెంచకుండా మెషీన్‌ని మార్చేస్తున్నారు. ఈలోగా ఏదైనా బ్రేకింగ్ వస్తే సరే అనడానికి మేనేజరు గారు సిద్ధంగా ఉన్నారు. ట్రైనింగ్ వరసలో ఇంక మిగిలిన కాటా ఒక్కటే. అది మీ బ్రాంచి వాకిట్లోది.

శనివారం లోపు ఇంకొక్క బ్రేకింగ్ పెట్టండి. ఈసారి కింద ఏమీ రాయకండి, అదేదో నేను వచ్చాక నాకే చెబుదురుగాని.

ఇట్లు,
పెట్టె సర్దుకుని కూర్చున్న మనిషి

తా.క. అక్కడ ట్రైనింగ్‌కి ఎన్ని రోజులు పడుతుందని మేనేజరు గారు అడిగారు. నేర్చుకోవాల్సిన మనిషి బొత్తిగా మొద్దు, ఎప్పటికి అవుతుందో చెప్పలేనన్నాను.