చింతపండు ముందే నానబెట్టాను

హౌగాంగ్, సింగపూర్, మార్చి 9, ఆదివారం.
రెండు వాయిల బట్టలు ఉతికాను, ఇడ్లీ పిండి రుబ్బాను, చేపల పులుసుకు చింతపండు నానబెట్టాను.

అమ్మా, అందరం కులాసా. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. ఉద్యోగం పోయాక రెండు నెలలుగా గడప దాటని మీ అల్లుడు ఈ ఉదయం పక్క ఫ్లాటు లిమ్ అంకుల్‌తో సెలెటార్ రిజర్వాయరుకు చేపలు పట్టడానికి వెళ్లారు. వెనకే నేనూ గిన్నె పట్టుకుని వెళ్లాను. రెండు గంటలు కూర్చున్నాక ఆయన గాలానికి మూరెడు పీకాక్ బాస్ చేప పడింది. నేను గిన్నె మూత తీసేలోపే అంకుల్ దాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేశాడు.

"అయ్యో, నా పులుసు!" అన్నాను.

"నో మకాన్ లా! ఫోటో తీసుకో, చాలు" అన్నాడు అంకుల్. మకాన్ అంటే ఇక్కడ తినడం.

మీ అల్లుడు గట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. సాయంత్రం తనంతట తానే రెండు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టారు.

పులుసు బెండకాయలతో కానిచ్చాను. అక్కడ కొత్త చింతపండు వచ్చిందా? ఏప్రిల్లో వచ్చే రాజకుమారి వదినతో కిలో పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా? నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

"అల్లుడు నవ్వాడని ఎప్పుడు రాస్తావే?" అని అడిగావుగా. ఆ బాకీ ఈ కార్డుతో తీరింది.

నీ వకుళ