పాట అయ్యాకే దిగాను

తాండూరు, 1963

అమ్మకు దండాలు. నేను, నీ అల్లుడు క్షేమం.

చిన్నాయన వచ్చి నీకు చెప్పేలోగా నేనే రాస్తున్నాను. ఆదివారం ఇక్కడి పాత కల్లు దుకాణంలో అరుగెక్కి మా బ్యాండుతో పాడుతుంటే ఆయన వచ్చాడు. "మన ఇంటి ఆడపిల్ల తాగేటోళ్ల నడుమ పాడుతదా? దిగు!" అని అందరి ముందూ అరిచాడు.

"కూసో చిన్నాయనా, పాట అయినంక దిగుత" అన్నాను.

చెయ్యి పట్టి లాగాడు. నీ అల్లుడు డోలకు వాయించడం ఆపలేదు, నేను గొంతు తగ్గించలేదు. రాళ్ల గనుల కూలీలు లేచి నిలబడి మాతో గొంతు కలిపారు. చిన్నాయన చెయ్యి వదిలి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఇంటి పైరేకులు కురుస్తున్నాయి. డోలకు మీద కప్పడానికి పాత గొంగడి పంపించు. నల్లగొర్రె ఈనిందా?

నాయినకు దండాలు చెప్పు. పాట మానమని మాత్రం రాయించకు.

నీ బిడ్డ,
బీరమ్మ