పిలిచే ముక్క, పలికే ముక్క

అన్నయ్యకు,

గోడ అవతలే ఉన్నావు కాబట్టి స్టాంపు దండగ. ఇది నీ షట్టరు కింద నుంచి తోస్తున్నాను.

నాన్న షాపు మనిద్దరికీ పంచేటప్పుడు బాబాయి, వైర్‌లెస్ కాలింగు బెల్లుల్లో వాడే రేడియో మాడ్యూళ్ళ డబ్బా కూడా బోర్లించాడు. ఆయనకేం తెలుసు పాపం, చదరంగా ఉన్నవి ఒక కుప్ప, పొడుగ్గా ఉన్నవి ఒక కుప్ప చేసి "సరిసమానం" అన్నాడు. ట్రాన్స్‌మిటర్లన్నీ నీకు, రిసీవర్లన్నీ నాకు. "ఒకటి పిలుస్తుంది, ఇంకోటి పలుకుతుంది, విడదీస్తే రెండూ చెత్తే" అని నాన్న నేర్పిన మొదటి పాఠం నువ్వు మర్చిపోయావంటే నమ్మను. అయినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. నేను నోరు తెరిస్తే, ఆడపిల్లకి షాపెందుకనే మాట మళ్ళీ మొదలవుతుందని ఊరుకున్నాను.

ఒక రిసీవరుకి బ్యాటరీ సెల్లూ గంటా తగిలించి బల్ల మీద పెట్టుకున్నాను. ఎందుకని అడగొద్దు. మొన్న అది మోగింది. రేడియోకి ఇటుక గోడ ఒక లెక్కా? నువ్వే పిలుస్తున్నావనుకుని, చేతిలో పని వదిలేసి పరుగున వచ్చాను. నువ్వు కొత్త రిసీవర్లు తెప్పించుకుని, ఎవరో కొనేవాళ్ళకి గంట మోగించి చూపిస్తున్నావు. గుమ్మంలో నన్ను చూసి, "ఏం కావాలండీ?" అన్నావు.

అప్పటినుంచి నువ్వు సరుకు చూపించినప్పుడల్లా ఇక్కడ మోగుతూనే ఉంది. ఇవాళ సెల్లు పీకేశాను. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ. ఇక నువ్వు నిజంగా పిలిచినా నాకు వినపడదు.

ఇట్లు,
పక్క షాపావిడ