బెదెల్, బదులు

గురువారం, శాన్ రామన్

ఉద్యోగం పోయి నెలైంది. రేపటి ఇంటర్వ్యూకి కోటు బిగుతు చేయించుకోడానికి ఆర్మీనియన్ టైలర్ దగ్గరికి వెళ్లాను.

గోడ మీద ఫ్రేములో పాత రసీదు ఉంది. ఆయన ముత్తాత ఇస్తాంబుల్‌లో బట్టల కొట్టు నడుపుతూ, సైన్యంలో చేరడానికి బదులు సుల్తానుకి ఏటా కట్టిన పన్నుదట. ఆ పన్ను పేరు ‘బెదెల్’.

“మా తెలుగులో బదులంటే చేబదులు కూడా. తిరిగిచ్చారా మరి?” అని నవ్వాను. నా నోరు పడిపోను.

“చివరికి ఆయన్నే సైన్యంలోకి లాక్కెళ్లారు. డబ్బూ రాలేదు, ఆయనా రాలేదు.”

మాట మార్చబోయి నా గోడు చెప్పాను: తొమ్మిదేళ్లుగా జీతంలో కోసిన సోషల్ సెక్యూరిటీ, పదేళ్లు నిండకపోతే రాని పెన్షన్, నెలలో ముగిసే వీసా.

“మరి నీకు తిరిగిస్తారా?” అన్నాడు, పిన్నులు గుచ్చుతూ.

జవాబునీ బదులనే అంటాం. ఆయనకి అదీ ఇవ్వలేకపోయాను.