ఏరు అనే మాట

2021 జులై 11, ఆదివారం

భాషాశాస్త్రం ఆన్‌లైన్ కోర్సులో నాలుగో వారం పూర్తి. క్విజ్‌లో ఇరవైకి పంతొమ్మిది. శశాంక్‌కి చెబితే, దాంతో జీతం పెరుగుతుందా అన్నాడు. ఈయనకి పెళ్లాం ఏం చదివినా కాలక్షేపమే.

ప్రపంచ భాషల మ్యాప్ వెబ్‌సైట్ మాత్రం వదలబుద్ధి కాదు. చుక్క మీద నొక్కితే ఒక భాష, దాని మాటల పట్టిక, ఎవరో ముసలాయన గొంతు. ఇవాళ కాకసస్ కొండల్లో మూడు గంటలు తిరిగాను. గల్ఫ్‌లో ఆదివారం పనిరోజే కదా, ఈలోగా ఎక్సెల్ షీట్లు ఏవని మా ముదీర్, అదే మేనేజర్, రెండుసార్లు ఫోన్ చేశాడు.

జులై 13, మధ్యాహ్నం

సజ్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా ఫ్యాక్టరీలో యాక్సిడెంట్. వెల్డింగ్ హెల్పర్ మడావి రాజలింగం నిచ్చెన మీంచి పడ్డాడు. తలకి ఆపరేషన్ చేశారు. కుడిపక్క పడిపోయింది. ఊరు ఆసిఫాబాద్ దగ్గర. హెచ్ఆర్‌లో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కేసు నాకు తగిలించారు. కోవిడ్ వల్ల వార్డులోకి ఎవరినీ రానివ్వడం లేదు. అన్నీ వీడియో కాల్‌లోనే.

జులై 15

వార్డు నుంచి కాల్. నర్సు పేరు సబీనా, మలయాళీ. రాజలింగానికి హిందీ పోయిందట. ఇలాంటి దెబ్బకి తర్వాత నేర్చుకున్న భాషలు పోవచ్చని డాక్టరు చెప్పాడట. నాకు తెలుసు, మూడో వారం పాఠంలో ఉంది.

పొద్దుటి నుంచి ఒకటే మాట అంటున్నాడు, అర్థం చెప్పమంది. ట్యాబ్ ఆయన నోటి దగ్గర పెట్టింది. ఏరు. మళ్లీ ఏరు.

మింగడం రావట్లేదు కనుక నోటితో ఏమీ ఇవ్వకూడదట, ట్యూబే. నీళ్లు అడుగుతుంటే చెప్పు, తడి స్పాంజ్‌తో నోరు తడపొచ్చు అంది. నీళ్లు కాదన్నాను. తెలుగులో నీళ్లని ఎవరైనా నీళ్లనే అంటారు. ఏరంటే నది, ఊళ్లో ఏరు గుర్తొస్తున్నట్టుంది అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. మలయాళంలోనూ ఆర్ అంటే నదేనట. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయని ఆవిడకి చిన్న క్లాసు కూడా పీకాను.

నా చదువు ఇవాళ ఒక మనిషికి పనికొచ్చింది. శశాంక్‌కి చెప్పాను.

జులై 16

ఏరు ఇంకా వదల్లేదట. ట్యూబ్ పీకేస్తున్నాడని ఎడమ చేతికి తొడుగు కట్టారు. బెంగండీ, కాస్త ఊరడించండి అన్నాను. సబీనా మంచి మనిషి, తన ఫోన్‌లో వాళ్ల ఊరి నది వీడియో పెట్టి చూపించిందట. స్క్రీన్ వైపు చెయ్యి చాచి ఏడ్చాడట.

జులై 17

ఈ ఏరు సంగతి కోర్సు ఫోరంలో రాశాను. నలభై రెండు లైకులు.

జులై 18, పొద్దున్న

ఐసీయూకి మార్చారు. నర్సులు డ్యూటీ మారే టైంలో తొడుగు పళ్లతో లాగేసుకుని, పక్క బెడ్ వాళ్ల వాటర్ బాటిల్ అందుకుని మొత్తం తాగేశాడట. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి.

నీళ్లు.

జులై 18, సాయంత్రం

లేబర్ క్యాంపులో ఆయన రూమ్మేట్ మల్లేశ్‌కి ఫోన్ చేశాను. మొదటి రోజే చెయ్యాల్సింది. మాతోని తెలుగే మాట్లాడుతుండె, సూపర్‌వైజర్‌తోని హిందీ, ఇంటికి ఫోన్ జేస్తె మాత్రం వేరే అన్నాడు. వేరే ఏమిటని అడిగాను.

"వాళ్లది గోండి కద మేడమ్. ఇంటిపేరు జూస్తేనే తెలుస్తది."

ఆ ఇంటిపేరు ఈ వారంలో నేను ఫారాల మీద అయిదుసార్లు టైప్ చేశాను. మరాఠీ వాళ్లేమో అనుకుని వదిలేశాను.

మ్యాప్ తెరిచాను. కాకసస్ దాకా వెళ్లినదాన్ని, ఆసిఫాబాద్ చుక్క మీద ఒక్కసారీ నొక్కలేదు. గోండి. మాటల పట్టిక. నిప్పు, ఇల్లు, నీళ్లు. నీళ్ల మీద నొక్కాను. ఎవరో ఆడమనిషి గొంతు. ఏర్.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

సబీనాకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉంది, స్పృహ లేదు, స్పాంజ్ పెట్టినా తెలియదు అంది. తర్వాత, నేను నది చూపించాను కదా అంది. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. తెలియదు అని ఆ రోజు ఒక్క మాట అనుంటే ఆవిడ తనంతట తనే నోరు తడిపేది.

ఫోరంలో రాసింది తీసేశాను.

జులై 20

పోయాడు. ఇవాళ బక్రీద్. ముదీర్ సెలవులో ఉన్నాడు. ఇంటికి నన్నే చెప్పమన్నారు.

జులై 21

ఆయన భార్య ఐలవ్వకి తెలుగు బాగా వచ్చు. అంతా విన్నది. ఆఖరికి ఏమన్నడు అని అడిగింది. ఏర్ అన్నాడని చెప్పాను.

"ఇచ్చిన్రా?"

ఇచ్చామన్నాను.