మొదటి అల ఎవరిది

ఫిబ్రవరి 3

బోటు ఎక్కాం. టైలరింగ్ షాపుకి తాళం వేసి, కుట్టాల్సిన బట్టలు కుప్పగా వదిలేసి, ఈత కూడా రాని నేను సర్ఫింగ్ బోటు మీద వారం రోజులు! అంతా చెల్లి కోసం. నిరుడు మా మరిది, అదే దాని మొగుడు, ఇదే బోటులో వచ్చాడు. రీఫ్ అంటారట, సముద్రంలో రాళ్ల దిబ్బ, అక్కడ నీళ్లలో దిగి మళ్లీ కనపడలేదు. అల మీద నిలబడే పలక, ఆ బోర్డు దొరికింది, మనిషి దొరకలేదు. అక్కడి అల మీద ఒక్కసారి నిలబడి వచ్చేస్తానక్కా, ఇంక ఎవర్నీ ఏడిపించను అంటుంది చెల్లి. దాన్ని వెంట తీసుకెళ్తున్నావు, వెంటే తీసుకురావాలి, లేకపోతే నీ మొహం చూడను అని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

క్యాబిన్ మా షాపులో ట్రయల్ రూమంత ఉంది.

ఫిబ్రవరి 4

వాంతులు. సముద్రానికో దండం.

ఫిబ్రవరి 5, సాయంత్రం

కాస్త లేచి కూర్చున్నాను. కెప్టెన్ అందరినీ డెక్ మీదికి పిలిచి రూల్స్ చెప్పాడు. అల విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది. ఒకరు దాని మీద లేచాక ఇంకొకరు మధ్యలో దూరకూడదు. దూరితే తప్పు ఒప్పుకుని వెనక్కి పోయి కూర్చోవాలి, వంతు వచ్చేదాకా కదలకూడదు. నీళ్లలో పోలీసులుండరు, ఇదే చట్టం అన్నాడు. బస్సు ఎక్కేచోట కూడా ఎవరైనా ఇలా చెబితే బాగుండు అన్నాను. స్నేహితులతో వచ్చిన పళ్ల డాక్టరు ఒక్కడే నవ్వాడు.

మా మరిది ఎప్పుడూ అల విరిగే ఆ లోపలి చోటే పట్టేవాడట. నెక్స్ట్ నీదే అంటాడు, అది కూడా ఆయనే తీసుకుంటాడు అని చెల్లి నవ్వుతూ చెప్పింది. కాపురంలోనూ దాని సంగతి అంతే. పోయినవాణ్ణి తిట్టకూడదు. మనసులో తిట్టాను.

ఫిబ్రవరి 6

రీఫ్ చేరాం. అడుగున రాళ్లు పైకే కనిపిస్తున్నాయి. డింగీ అనే చిన్న రబ్బరు పడవలో అందర్నీ అల దగ్గర దింపి వచ్చారు. నేను పై డెక్ మీద కూర్చుని చెల్లి ఎర్ర టీషర్టు మీంచి కళ్లు తిప్పలేదు.

అలలు జట్లుగా వస్తాయి. ఒక జట్టు వెళ్లాక కాసేపు ఏమీ ఉండదు. చూడగా చూడగా ఒకటి గమనించాను. ప్రతి జట్టులోనూ మొదటి అలను ఎవరూ తీసుకోవడం లేదు. చేతులు ఆపేసి కూర్చుంటారు. అల ఖాళీగా పోతుంది. తలలు మాత్రం అన్నీ కలిసి ఎడమ నుంచి కుడికి తిరుగుతాయి. ఒకడు మెచ్చుకుంటూ ఈల కూడా వేశాడు.

భోజనాల దగ్గర అడిగాను. నాకంటే లోపల ఒకతను ఉన్నాడు కదా, వంతు అతనిది అన్నాడు పళ్ల డాక్టరు. ఎవరు అంటే పక్కనున్న స్నేహితుణ్ణి చూపించాడు. నేను నీ వెనకే ఉన్నాను, అది నువ్వే అనుకున్నా అన్నాడు ఆ స్నేహితుడు. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ టేబుల్ చుట్టూ తిరిగొచ్చారు. పెద్దగా నవ్వుకున్నారు. కాసేపటికి ఎవరి కంచంలోకి వాళ్లు చూసుకున్నారు.

చెల్లి మాత్రం మారు వడ్డించుకుని తింది. నిరుటి నుంచి అది అంత తినడం నేను చూడలేదు. సంతోషించాలి. భయం వేసింది.

ఫిబ్రవరి 7

కెప్టెన్‌ని వంటగది గుమ్మంలో పట్టుకున్నాను. నిరుడు కూడా బోటు నడిపింది ఇతనే. ఏం చూశావో చెప్పమని నిలదీశాను. చేతిలో కప్పు కడుగుతూనే, మొదటి అల ఎవరికీ వదిలేవాడు కాదమ్మా ఆయన, ఇప్పుడూ వదలడం లేదు అన్నాడు. ఎల్లుండి వేరే చోటికి పోదాం అన్నాడు.

ఇంటికి పోదాం రావే, నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను చెల్లితో. ఒక్కటే అక్కా, నెక్స్ట్ నాదేనన్నాడు అంది. ఎప్పుడన్నాడని అడగబోయి, గబగబా పక్క దులపడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 8, పొద్దున

దాని బోర్డు దాచేద్దామని చూశాను. అంత బోర్డు దాచడానికి ఈ పడవలో చోటెక్కడ ఏడ్చింది?

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

ఒంటి మీద బట్టలింకా తడిగానే ఉన్నాయి. అయినా రాయాలి.

అలల జట్టు వచ్చింది. అందరూ ఆగారు, చెల్లి ఆగలేదు. వద్దు, మనిషున్నాడు, వెనక్కి రా అని అందరూ ఒక్కసారే అరిచారు. అది లేచి నిలబడింది. నా చెల్లి అంత అందంగా నిలబడగలదని నాకు తెలియదు. సగం దూరం వచ్చాక, ఇరుకు మెట్ల మీద ఎదురొచ్చినవాళ్లకి దారి ఇచ్చినట్టు కాస్త పక్కకి ఒదిగింది. ఆ వెంటనే అల దాని మీద మూసుకుంది.

లైఫ్ జాకెట్ కూడా లేకుండా డింగీలోకి దూకాను. నురగలో చెల్లి చేయి దొరికింది. జబ్బ పట్టి లాగాను. నవ్వుతోంది. మధ్యలో దూరాను కదక్కా, ఆయన ఒప్పుకోలేదు అంది. ఒప్పుకోకపోతే పీడా పోయింది, నువ్వు దొరికావు, నాకింకేం వద్దు అని దాన్ని పట్టుకుని బావురుమన్నాను.

తెచ్చి పడుకోబెట్టాను. తువ్వాళ్లు మారుస్తున్నాను కానీ జుట్టు ఆరడం లేదు. కెప్టెన్ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు. డింగీ ఇంకా తిరుగుతోంది. దొరికిందిగా, ఇంకా దేనికి అంటే ఎవరూ నా మొహం చూడరు. పళ్ల డాక్టరు నా భుజం మీద చేయి వేసి ఏడ్చాడు. మంచి మనిషి.

ఫిబ్రవరి 9

ఇక్కడే ఉన్నాం. ఎవరూ సర్ఫింగ్‌కి దిగలేదు. డింగీ మాత్రం రాళ్ల చుట్టూ తిరుగుతోంది. జట్టు వచ్చినప్పుడు ఇంజను ఆపి, అల పోయాక కదులుతుంది. మొదటి అల పోయింది. డింగీ కదల్లేదు. రెండోది కూడా పోయాక కదిలింది.

డెక్ మీద తలలు రెండుసార్లు తిరిగాయి. నా పక్కన కూర్చున్న చెల్లి తల కూడా తిరిగింది. నేను తిప్పలేదు.

ఫిబ్రవరి 11

హార్బర్. సిగ్నల్ వచ్చింది. అమ్మకి ఫోన్ చేసి, తీసుకొస్తున్నానని చెప్పి, చెల్లికిచ్చాను. చాలాసేపు మాట్లాడింది, నవ్వింది. మళ్లీ నేను తీసుకునేసరికి అమ్మ విసుక్కుంటోంది. ఎంతసేపే, ఫోన్ దానికివ్వు, ఒట్టి నీళ్ల చప్పుడే వినిపిస్తోంది అంది.

ఇస్తున్నానమ్మా అన్నాను.