తోలు తొడిగిన దూడలు

వోబోరిల్ రాంచ్, నెబ్రాస్కా
ఏప్రిల్ 24, బుధవారం

వెర్నన్ మామయ్యకు,

మేనకోడలు రోజినా నమస్కరించి రాస్తున్నది. మీరూ, లూసిల్ అత్తయ్యా క్షేమమని తలుస్తాను. అమ్మ తన అన్నయ్యను అడిగినట్టు రాయమంది. అమ్మ మాట అయింది. ఇక నా మాట.

నిన్న కౌంటీ ఆఫీసులో జరిగినదానికి మర్యాదైన పేరు కోసం వెతికాను, దొరకలేదు. మార్చి మంచు తుఫానులో చచ్చిన దూడలకు నాన్న అడిగిన పరిహారాన్ని కమిటీ కొట్టేసింది. ఆ కమిటీలో మన రైతులు ఓట్లేసి కూర్చోబెట్టిన ముగ్గురిలో మీరొకరు.

చచ్చాయన్న దూడల నంబర్లు దొడ్లో బతికున్న దూడల చెవులకు ఎలా వచ్చాయని ఆఫీసరమ్మ అడిగింది. ఆమె పట్నం మనిషి, తెలియదు. మీకు తెలియదా? దూడ చచ్చిన ఆవుకు తల్లి లేని దూడను అలవాటు చేయాలంటే, చచ్చినదాని తోలు ఒలిచి బతికినదానికి తొడుగుతాం. వాసన చూసి తల్లి పాలిస్తుంది. నాలుగు రోజులకు తోలు తీసేసి, చచ్చిన దూడ నంబరు బిళ్ళ దీని చెవికి వేస్తాం, ఏ దూడ ఏ ఆవుదో మందలో తెలియాలని. కాళ్ళ దగ్గర తోలుకు రంధ్రాలు ఎలా కోయాలో నాకు నేర్పింది మీరే, మామయ్యా.

నాన్న అదే చెప్పాడు. చచ్చినవాటిని కళేబరాలు ఎత్తే లారీ తీసుకుపోయిందనీ చెప్పాడు. మరి ఈ బతికినవి ఎవరివని ఆమె అడిగితే, తుఫానులో దొరికాయని మాత్రం అని ఊరుకున్నాడు. అప్పుడు మీ కమిటీలోని గస్ హార్మ్స్ కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు కదా:

"ఏం ఎమిల్, చచ్చిన నీ దూడలు ఈస్టర్‌కి మళ్ళీ లేచొచ్చాయా ఏంటి?"

గదంతా నవ్వింది. మీరు నవ్వలేదు. ఒళ్ళో టోపీ తిప్పుతూ కూర్చున్నారు. నవ్వినవాళ్ళ మీదకన్నా మీ మీదే నాకు ఎక్కువ కోపం. "అది మనందరం చేసేదే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. మీ ఆవులకూ దూడలకూ పరిహారం మొదటి వారంలోనే వచ్చిందని విని మేం సంతోషించాం. మా వంతు వచ్చేసరికి మీ నోరు పెగల్లేదు.

శుక్రవారం అప్పీలులో కూడా కాదంటే, శనివారం వేలానికి ఆవుల్ని తోలాలి. తాతయ్య నాటి మంద అది. నాన్న పశువుల ట్రైలర్ కడిగి ఉంచాడు. కడుగుతున్నంతసేపూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాకు అదే భరించరానిదిగా ఉంది. శుక్రవారం నోరు విప్పండి.

ఇట్లు,
మీ మేనకోడలు
రోజినా

తా.క. ఉత్తరం మడిచాక, కాలేజీ నుంచి వచ్చాక ఆ దూడల్ని ఇంకా చూడలేదు కదా అని దొడ్లోకి వెళ్ళాను. ఒక దూడ వచ్చి నా చెయ్యి నాకింది. ఎడమ చెవికి మా నంబరు. ఆ కిందే, అంచున, మానిన గాటు. మిగతావాటికీ అదే గాటు. పుట్టిన రోజే తనదని గుర్తుగా దూడ ఎడమ చెవికి గాటు పెట్టేది ఈ చుట్టుపక్కల మీరొక్కరే.

నాన్నను నిలదీశాను. తల్లులు మా కంచె దగ్గర చచ్చిపడి ఉంటే, పక్కనున్న దూడల్ని వదిలి రాలేకపోయాడట. మర్నాడే మీకు చెప్పాడట. పాలు మరిచాక తోలుకెళ్తానన్నారట మీరు. ఈ దూడలు కూడా చచ్చాయని చెప్పి మీరు పరిహారం తీసుకున్నారని నాన్నకు తరవాత తెలిసిందట.

"చెబితే వాడు జైలుకు పోతాడే. మీ అమ్మ మొహం ఎలా చూడను?" అన్నాడు.

నేను చూడగలను. శుక్రవారం ఆ ట్రైలర్‌లో దూడల్నే ఎక్కించి ఆఫీసు గుమ్మం ముందు దింపుతాను. ఆ గాటు ఎవరిదో మీరు చెబితే సరే. లేకపోతే నేను చెబుతాను.